వారం మధ్య మ్యాచ్‌లో ఎవరు ఆడతారు? ఫుట్‌బాల్ క్లబ్బుల రొటేషన్‌ను ముందే పసిగట్టడం ఎలా

చలికాలంలో, యూరప్ అగ్ర క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా మన టైం ప్రకారం రాత్రి 1:30కి మొదలవుతాయి. అంతసేపు మేలుకుని టీవీ పెడితే, మీరు ఎవరి ఆట కోసం కూర్చున్నారో అతను బెంచ్ మీద లావుపాటి కోటు వేసుకుని కనిపిస్తాడు. ఎఫ్‌పీఎల్ (ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లతో మనమే జట్టు కట్టుకుని, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు పొందే ఆన్‌లైన్ ఆట) ఆడేవాళ్ల బాధ ఇంకో రకం. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడు 75వ నిమిషంలో దిగి ఒక్క పాయింటు తెస్తాడు, కెప్టెన్ కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకుని రెండనుకోవాలి.

కోచ్ మనసులో ఏముందో ఎవరికి తెలుసు అనుకుంటాం గానీ, రొటేషన్‌లో, అంటే ఆటగాళ్లకు విశ్రాంతినిస్తూ మార్చి మార్చి ఆడించడంలో, చాలా భాగం ముందే తేలిపోయి ఉంటుంది. ఒక కాగితం, ఒక పెన్ను, కాస్త ఓపిక ఉంటే మీరే లెక్క కట్టొచ్చు. ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లండ్ నుంచే ఇస్తున్నాను. అక్కడ లీగ్‌తో పాటు ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్ అని రెండు దేశవాళీ కప్పులు, ఆపైన యూరప్ పోటీలు ఉంటాయి. అందుకే ఈ తలనొప్పి అక్కడి కోచ్‌లకే ఎక్కువ.

1. మూడు వారాల మ్యాచ్‌లన్నీ ఒకే కాగితం మీద రాయండి

చాలామంది లీగ్ ఫిక్స్చర్లు మాత్రమే చూస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. మీ క్లబ్ ఆడే ప్రతి పోటీలోని మ్యాచ్‌నూ తేదీ, కిక్-ఆఫ్ టైం, ఊరితో సహా వరసగా రాయండి. జాతీయ జట్ల మ్యాచ్‌ల వారాలు కూడా గుర్తు పెట్టండి. దక్షిణ అమెరికా వెళ్లి గురువారం తిరిగొచ్చినవాడు శనివారం మధ్యాహ్నం మొదటి నుంచీ ఆడటం కష్టం.

ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. 2024-25 నుంచి ఛాంపియన్స్ లీగ్ తొలి దశలోనే 8 మ్యాచ్‌లు అయ్యాయి, అంతకుముందు 6 ఉండేవి. అన్నిట్లోనూ చివరిదాకా వెళ్తే ఏమవుతుందో చూడాలంటే 2021-22 లివర్‌పూల్‌ను చూడండి. లీగ్ కప్, ఎఫ్‌ఏ కప్ గెలిచి, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఓడి, లీగ్‌ను ఒక్క పాయింటు తేడాతో మాంచెస్టర్ సిటీకి వదిలేసుకుంది. ఆ సీజన్‌లో ఆ జట్టు ఆడింది 63 మ్యాచ్‌లు. అంతకుమించి ఆడటానికి ఆ ఏడాది ఏమీ మిగల్లేదు.

2. ప్రతి మ్యాచ్ పక్కన దాని ధర రాయండి

అసలు పని ఇక్కడే ఉంది. కోచ్ "ఏ మ్యాచ్ గెలవాలి" అని ఆలోచిస్తాడని మనం అనుకుంటాం. అన్నీ గెలవాలనే ఉంటుంది, ఆ ప్రశ్నతో ఏమీ తేలదు. "ఇది ఓడితే మాకు పోయేదేమిటి?" అని ప్రతి మ్యాచ్‌నూ అడగండి. పోయేది ఎంత తక్కువైతే మార్పులు అంత ఎక్కువ.

ముందు డబ్బు సంగతి. ప్రీమియర్ లీగ్ పట్టికలో ఒక్క స్థానం పైకి వెళ్తే సుమారు 30 లక్షల పౌండ్లు అదనంగా వస్తాయి. ఎఫ్‌ఏ కప్ ఫైనల్ గెలిస్తే వచ్చే బహుమతి సుమారు 20 లక్షలు. లీగ్ కప్ విజేతకు దక్కేది లక్ష పౌండ్లని ఏళ్లుగా వింటున్న మాట. పట్టికలో 14 నుంచి 13కి ఎగబాకడం, కప్ ఫైనల్స్ జరిగే వెంబ్లీ మైదానంలో కప్పు ఎత్తడం కంటే లాభసాటి అన్నమాట! అభిమానులకు ఇది మింగుడుపడదు. నాకూ పడదు. కానీ జనవరిలో ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్‌కి, పట్టికలో కింద ఉన్న క్లబ్బులు సగం జట్టును మార్చేయడానికి కారణం ఇదే.

దానికి తోడు లీగ్ నుంచి కిందికి పడిపోయే భయం. విగాన్ అథ్లెటిక్ 2013 మే 11న మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచింది. మూడు రోజుల తర్వాత ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి రెండో డివిజన్‌కు పడిపోయింది. 2011లో బర్మింగ్‌హామ్ సిటీదీ ఇదే కథ. ఫిబ్రవరిలో లీగ్ కప్, మేలో దిగువ లీగ్. ఇలాంటి క్లబ్ కోచ్ కుర్చీలో మీరుంటే కప్ మ్యాచ్‌కి ఎవరిని పంపుతారో ఊహించుకోండి.

ధర వారం వారం మారుతుంటుంది. 2025 వసంతంలో టాటెన్‌హామ్ ఏం చేసిందో గమనిస్తే ఈ లెక్క పూర్తిగా అర్థమవుతుంది. లీగ్‌లో ఆ జట్టు ఘోరంగా ఆడుతోంది. ఛాంపియన్స్ లీగ్ తర్వాతి స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్‌లో మాత్రం సెమీఫైనల్‌కు చేరింది, అది గెలిస్తే నేరుగా వచ్చే ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో చోటు. ఏప్రిల్ 26న ఇప్స్‌విచ్ పడిపోవడం ఖాయమైంది. సౌతాంప్టన్, లెస్టర్ అప్పటికే పడిపోయాయి. అంటే కింది మూడు స్థానాలూ నిండిపోయాయి, టాటెన్‌హామ్‌కు ఇక పడిపోయే భయం లేదు. ఆ రోజు నుంచి దాని లీగ్ మ్యాచ్‌ల ధర దాదాపు సున్నా. తర్వాత జరిగింది చూడండి. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లలోనూ బోడో గ్లిమ్ట్‌పై గెలుపు, మధ్యలో లీగ్‌లో వెస్ట్‌హామ్‌తో చాలావరకు మార్చేసిన జట్టుతో డ్రా, ఆపైన క్రిస్టల్ ప్యాలెస్, ఆస్టన్ విల్లాల చేతిలో ఓటములు. మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0 గెలుపు. లీగ్‌లో 17వ స్థానం, చేతిలో యూరప్ కప్పు. ఇంకో చిన్న సంగతి: ఫైనల్‌కు ముందు లీగ్ మ్యాచ్‌ను రెండు జట్లకూ మే 16 శుక్రవారానికి జరిపారు, విశ్రాంతి దొరకాలని. ఇలాంటి తేదీ మార్పు కనబడితే ఆ క్లబ్ దేన్ని ముఖ్యం అనుకుంటోందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతా చేసి కోచ్ పోస్టెకోగ్లూ ఉద్యోగం రెండు వారాలకే ఊడింది. లెక్క సరిగ్గా కట్టినా బోర్డు వేరే లెక్క కట్టుకోవచ్చు.

యూరప్ పోటీ లేని క్లబ్‌కు ఈ బాధ తక్కువ. 2024-25లో న్యూకాసిల్ వారం మధ్యలో ఖాళీగా ఉండేది, అందుకే లీగ్ కప్‌కు కూడా బలమైన జట్టునే దించగలిగింది. ఫైనల్లో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి, 1955 తర్వాత తొలిసారి దేశవాళీ కప్పు ఎత్తింది. కాబట్టి ధర రాసేటప్పుడు ఎదుటి జట్టు కాగితం కూడా ఒకసారి చూడండి.

3. గంటలు లెక్కపెట్టండి

రోజులు లెక్కపెడితే చాలదు, గంటలు కావాలి. గట్టిగా ఆడిన మ్యాచ్ తర్వాత కండరాలు మళ్లీ పూర్తి వేగానికి సిద్ధం కావడానికి సుమారు 72 గంటలు పడుతుందని ఫిజియోలు లెక్కేసుకుంటారు. అంతకంటే తక్కువ విరామంలో మళ్లీ పరిగెత్తిస్తే తొడ వెనక కండరం పట్టేసే ప్రమాదం పెరుగుతుంది. మైదానం అంచుల వెంట వేగంగా పరిగెత్తే వింగర్లకూ (దాడి చేసేవాళ్లు) ఫుల్‌బ్యాక్‌లకూ (డిఫెన్స్ ఆడేవాళ్లు) ఇది మరీ ఎక్కువ.

బుధవారం రాత్రి 8కి యూరప్ మ్యాచ్ ఆడిన జట్టుకు శనివారం మధ్యాహ్నం 12:30కి లీగ్ మ్యాచ్ పడిందనుకోండి. రెండు కిక్-ఆఫ్‌ల మధ్య 64 గంటల 30 నిమిషాలే. లివర్‌పూల్ కోచ్‌గా ఉన్నప్పుడు క్లాప్ ఈ 12:30 మ్యాచ్‌ల మీద ఎన్నిసార్లు మండిపడ్డాడో! గురువారం రాత్రి 8, ఆదివారం మధ్యాహ్నం 2 అయితే 66 గంటలు. అందులో విమాన ప్రయాణం, హోటల్, సరిగా పట్టని నిద్ర తీసేయండి. విరామం 72 గంటలకు తక్కువగా ఉన్న చోట కాగితం మీద ఎర్రగీత గీయండి. ఆ రెండు మ్యాచ్‌లలో ఒకదానిలో కనీసం ముగ్గురు నలుగురు మారతారని అనుకోవచ్చు. ఏ మ్యాచ్‌లో మారతారో రెండో అడుగులో రాసిన ధర చెబుతుంది.

4. ఆడటానికి ఎవరికి వీలుందో తేల్చుకోండి

ప్రీమియర్ లీగ్‌లో రిజిస్టర్ చేసే జాబితా 25 మంది, 21 ఏళ్లలోపు కుర్రాళ్లకు మాత్రం పరిమితి లేదు. యూరప్ పోటీలకు వేరే జాబితా. ఆ జాబితా బయటికి వచ్చినప్పుడే చదివితే సగం రొటేషన్ తెలిసిపోతుంది. 2024-25లో చెల్సీ తన అత్యుత్తమ ఆటగాడు కోల్ పామర్ పేరును యూరప్ మూడో స్థాయి పోటీ కాన్ఫరెన్స్ లీగ్ తొలి దశ జాబితాలోనే పెట్టలేదు. గురువారం మ్యాచ్‌లకు ఒక జట్టు, ఆదివారాలకు ఇంకో జట్టు అన్నట్టు నడిపింది. నాకౌట్ దశకు పామర్‌ను చేర్చారు, ఫైనల్లో రియల్ బెటిస్‌పై 4-1 గెలుపులో రెండు గోల్స్ అతను అందించినవే.

ఎల్లో కార్డులు కూడా రాసుకోండి. ప్రీమియర్ లీగ్‌లో మొదటి 19 మ్యాచ్‌లలో 5 పడితే ఒక మ్యాచ్ నిషేధం. ఈ ఎల్లోల లెక్క ఏ పోటీకి ఆ పోటీదే. నేరుగా పడ్డ రెడ్ కార్డు నిషేధం మాత్రం దేశవాళీ పోటీలన్నిటికీ వర్తిస్తుంది. లీగ్‌లో నిషేధంలో ఉన్న వాడు ఆ వారం యూరప్ మ్యాచ్‌లో 90 నిమిషాలూ ఆడతాడని ధైర్యంగా రాసుకోవచ్చు. ఎలాగూ అతనికి విశ్రాంతి దొరకబోతోంది కదా. జనవరిలో కొన్న ఆటగాడు పాత క్లబ్ తరఫున అదే సీజన్ ఎఫ్‌ఏ కప్ ఆడి ఉంటే కొత్త క్లబ్‌కు ఆ కప్పులో ఆడకూడదు.

పెద్ద క్లబ్బులు కూడా ఇక్కడ పప్పులో కాలేస్తాయి. 2015 డిసెంబరులో రియల్ మాడ్రిడ్ స్పెయిన్ దేశవాళీ కప్పు కోపా డెల్ రే మ్యాచ్‌లో కాడిజ్ మీద చెరిషెవ్‌ను దించింది. అంతకుముందు సీజన్‌లో వియారియల్‌కు లోన్ మీద (అరువుగా) ఆడినప్పుడు పడిన కార్డుల వల్ల అతని మీద ఒక మ్యాచ్ నిషేధం మిగిలి ఉంది. మ్యాచ్ 3-1తో గెలిచారు, చెరిషెవ్ గోల్ కూడా కొట్టాడు. చివరికి మాడ్రిడ్‌ను టోర్నీ నుంచే తీసేశారు.

5. గోల్‌కీపర్ దగ్గర మొదలుపెట్టి లైనప్ రాయండి

కప్పుల్లో రెండో కీపర్‌ను ఆడించడం ఇంగ్లండ్‌లో ఆనవాయితీలాంటిది. చాలాచోట్ల సీజన్ మొదట్లోనే మాట ఇచ్చేస్తారు, ఫైనల్‌కు చేరినా మాట తప్పరు. 2022 లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్ మొదటి కీపర్ అలిసన్‌ను పక్కన పెట్టి కెలహర్‌ను ఆడించింది. పెనాల్టీలు 11-10 దాకా వెళ్లాయి, కెలహర్ తన కిక్ లోపలికి కొట్టాడు. చెల్సీ మాత్రం షూటౌట్ కోసమే కీపర్ మెండీని తీసి కేపాను దించింది. అతని కిక్ బార్ మీదుగా ఎగిరిపోయింది. మరుసటి ఏడాది మాంచెస్టర్ సిటీ మూడు టైటిళ్లు గెలిచినప్పుడు ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో కీపర్ ఎడర్సన్ కాదు, ఒర్తెగా.

తర్వాత సెంటర్‌బ్యాక్‌లు, అంటే గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్లు. వీళ్లు కాడికి కట్టిన జోడెడ్ల లాంటివాళ్లు. ఒకరి అడుగు ఒకరికి తెలుసు, అనవసరంగా విడదీయరు. మార్చాల్సి వస్తే ఒకరినే మారుస్తారు. వాళ్ల ముందు ఆడే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ను కూడా వీలైనంత వరకు కదపరు. అతనికి సరైన ప్రత్యామ్నాయం చాలా జట్లలో ఉండదు. ఫుల్‌బ్యాక్‌లు, వింగర్లు మాత్రం తరచూ మారతారు. స్ట్రైకర్ సంగతి క్లబ్‌ను బట్టి ఉంటుంది. గోల్స్ అన్నీ ఒక్కడి కాళ్ల మీదే ఆధారపడి ఉంటే ధర తక్కువున్న మ్యాచ్‌లో అతన్ని కచ్చితంగా కూర్చోబెడతారు, కానీ బెంచ్ మీద ఉంచుతారు, ఇంట్లో కాదు.

మార్పులు ఎన్ని అన్నది ముఖ్యమే గానీ, అవి ఎక్కడ అన్నది ఇంకా ముఖ్యం. నలుగురైదుగురిని మార్చినా మధ్య వరస అలాగే ఉంటే జట్టు ఆట పెద్దగా మారదు. ఆ సంఖ్య దాటితే పాస్‌లు తడబడతాయి, ఎవరు ఎవరిని కవర్ చేయాలో తెలియదు. 2025 నవంబరులో మాంచెస్టర్ సిటీ కోచ్ గార్డియోలా ఛాంపియన్స్ లీగ్‌లో జర్మనీ క్లబ్ లెవర్‌కూసెన్ మీద ఏకంగా పది మార్పులు చేశాడు. స్ట్రైకర్ హాలండ్ కూడా బెంచ్ మీదే. సొంత మైదానంలో 0-2తో ఓడి, మార్పులు మరీ ఎక్కువయ్యాయని తనే ఒప్పుకున్నాడు. మూడు రోజుల ముందు న్యూకాసిల్‌తో లీగ్ మ్యాచ్, గంటలు చూస్తే 72కి కాస్త పైనే ఉన్నాయి. అంటే అన్ని మార్పులు అవసరం లేదనే నా ఉద్దేశం. అంత గొప్ప కోచ్‌కే బెడిసికొట్టింది.

మొత్తం జట్టునే మార్చేయడం కూడా ఒక పద్ధతే. కాకపోతే దానికి సరైన సందర్భం కావాలి. 2019 డిసెంబరు 17న లివర్‌పూల్‌కు విల్లాతో లీగ్ కప్ క్వార్టర్‌ఫైనల్ పడింది, 18న ఖతార్‌లో క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్. క్లాప్ సీనియర్లను తీసుకుని ఖతార్ వెళ్లాడు. విల్లాతో సగటున ఇరవై ఏళ్లు కూడా లేని కుర్రాళ్లు అండర్-23 కోచ్ క్రిచ్లీ చేతి కింద ఆడి 5-0తో ఓడారు. సీనియర్లు క్లబ్ వరల్డ్ కప్ గెలిచారు, ఆ సీజన్‌లోనే 99 పాయింట్లతో లీగ్ కూడా గెలిచారు. ఏది వదులుకోవాలో స్పష్టంగా తెలిసినప్పుడు వదులుకోవడం తప్పేమీ కాదు.

లీగ్‌లోనే ఇలా చేస్తే మాత్రం గొడవలవుతాయి. 2009 డిసెంబరులో వుల్వ్స్ కోచ్ మిక్ మెకార్తీ మాంచెస్టర్ యునైటెడ్ మీద పది మార్పులు చేసి 3-0తో ఓడాడు. ఐదు రోజుల తర్వాత బర్న్‌లీని 2-0తో కొట్టాడు, అతనికి కావాల్సింది ఆ మూడు పాయింట్లే. లీగ్ వాళ్లు 25 వేల పౌండ్ల జరిమానా వేసి అమలును నిలిపి ఉంచారు. ఆ సీజన్ వుల్వ్స్ పడిపోలేదు.

6. సబ్‌లను (మ్యాచ్ మధ్యలో దిగేవాళ్లను) కూడా రొటేషన్‌లో భాగంగానే చూడండి

2022-23 నుంచి ప్రీమియర్ లీగ్‌లో ఐదుగురిని మార్చొచ్చు, బెంచ్ మీద తొమ్మిది మంది. దీనివల్ల రొటేషన్ సగం మ్యాచ్ లోపలికి వచ్చేసింది. బలమైన జట్టుతోనే మొదలుపెట్టి, రెండు గోల్స్ ఆధిక్యం రాగానే 60వ నిమిషంలో ముగ్గురిని తీసేస్తారు. కాబట్టి ఎవరు ఆడారు అని కాకుండా ఎన్ని నిమిషాలు ఆడారు అని రాసుకోండి. గత మూడు మ్యాచ్‌లలోనూ 90 నిమిషాలు ఆడిన వింగర్ పక్కన చుక్క పెట్టండి, రాబోయే ఎర్రగీత దగ్గర కూర్చోబోయేది అతనే. గత మ్యాచ్‌లో 55వ నిమిషంలో బయటికి వచ్చినవాడు వారం మధ్యలో మొదటి నుంచీ ఆడే అవకాశం ఎక్కువ.

మ్యాచ్ ఎలా ముగుస్తుందన్నది కూడా లెక్కలో ఉండాలి. 2024-25 నుంచి ఎఫ్‌ఏ కప్ ప్రధాన రౌండ్లలో రీప్లేలు (డ్రా అయితే మరో రోజు మళ్లీ ఆడే మ్యాచ్‌లు) ఎత్తేశారు. డ్రా అయితే అదే రోజు అదనపు సమయం, మొత్తం 120 నిమిషాలు. లీగ్ కప్ తొలి రౌండ్లలో నేరుగా పెనాల్టీలే. కప్ మ్యాచ్ అదనపు సమయంలోకి వెళ్లిందంటే, మూడు రోజుల తర్వాతి లైనప్ కోసం మీరు రాసిన కాగితం చించేసి కొత్తది రాయండి.

7. ప్రెస్ మీట్ వినండి, కానీ సగమే నమ్మండి

"అందరూ బాగున్నారు, రేపు చూస్తాం" అంటే ఏమీ చెప్పనట్టే. "అతనికి కాస్త అసౌకర్యంగా ఉంది" అంటే చాలాసార్లు ఆడడనే అర్థం. ఫలానా కుర్రాడు ట్రైనింగ్‌లో అద్భుతంగా ఉన్నాడని అడక్కుండానే పొగిడితే, అతను మొదలుపెట్టబోతున్నాడని నేను రాసుకుంటాను. యూరప్ మ్యాచ్‌కు ముందు ప్రెస్ మీట్‌కు కోచ్‌తో పాటు ఒక ఆటగాడు కూడా వస్తాడు. వచ్చినవాడు ఎక్కువసార్లు మర్నాడు ఆడతాడు, కచ్చితమేమీ లేదు.

ఎఫ్‌పీఎల్ ఆడేవాళ్లకు

ఎఫ్‌పీఎల్ డెడ్‌లైన్ ఆ వారం మొదటి మ్యాచ్‌కు గంటన్నర ముందే. లైనప్‌లు ఆ తర్వాత గానీ రావు, కాబట్టి చూసి మార్చుకునే అవకాశం ఉండదు. ఎర్రగీత ఉన్న వారాల్లో పెద్ద క్లబ్ వింగర్‌ను కెప్టెన్‌గా పెట్టకండి. యూరప్ ఆడని క్లబ్ స్ట్రైకర్ చవగ్గా దొరికినా అతనే నయం. బెంచ్ మొదటి స్థానంలో ప్రతి వారం 90 నిమిషాలు ఆడే డిఫెండర్‌ను ఉంచండి, మీ పదకొండు మందిలో గోల్‌కీపర్ కాక ఎవరైనా అసలు మైదానంలోకే దిగకపోతే ఆ డిఫెండర్ పాయింట్లు వాటంతటవే చేరతాయి. ఒక్క నిమిషం దిగినా మాత్రం చేరవు. అందుకే 85వ నిమిషంలో దిగే స్టార్ కంటే, ఆ రోజు పూర్తిగా బెంచ్ మీదే కూర్చుండిపోయే స్టార్ మీకు మేలు చేస్తాడు.